గోళ్ళరంగు

బట్టలు మార్చుకునే గది తలుపు మూయించి, దానికి అడ్డంగా వస్తాదును నిలబెట్టాడు మేస్త్రీ. బస్సులు బాగుచేసే ఆ షెడ్డులో వెల్డింగు పనివాణ్ణి అందరూ వస్తాదనే పిలుస్తారు. గుమ్మం నిండే ఒళ్ళు, గుబురు మీసం. అతను వీపు తలుపుకు ఆనించి నిలబడ్డాడు.

గది మధ్య బల్ల మీద పెయింటరును కూర్చోబెట్టారు. షిఫ్టు దిగి చేతులు కడుక్కుంటుంటే అతని గోళ్ళకున్న ఎర్రరంగు ఎవరి కంటో పడింది. బస్సుకు కొట్టే రంగే అంటుకుందేమో అనుకున్నారు మొదట. పది వేళ్ళకీ అంత నున్నగా అంటుకునే రంగు ఏ బస్సుకూ వెయ్యరని తేల్చింది మేస్త్రీయే.

"నువ్వు ఆ టైపా?" అన్నాడు మేస్త్రీ.

"ఏ టైపు?"

"ఆడవాళ్ళు అక్కర్లేని టైపు."

ఎవడో కిసుక్కున నవ్వాడు. రంగు బావుందని వేసుకున్నాననీ, అంతకు మించి ఏమీ లేదనీ పెయింటరు చెప్పుకున్నాడు. మేస్త్రీ రంగును కరిగించే థిన్నరు డబ్బా మూత తీశాడు. నిజం ఒప్పుకోకపోతే ఇది గోళ్ళ మీద కాదు, మొహం మీద పడుతుందన్నాడు. ఇద్దరు ముందుకొచ్చి పెయింటరు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఘాటు వాసన గదంతా కమ్మింది.

వస్తాదు థిన్నరు డబ్బా వైపు చూశాడు. వదిలెయ్యండిరా అని ఒక్క మాట అంటే చాలు, తన మాట కాదనేవాడు అక్కడ లేడు. కానీ నీకెందుకంత నొప్పి అని ఎవడైనా అడిగితే? ఆ కళ్ళన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగితే? మీసం మీది చెమట తుడుచుకుని, వీపును తలుపుకు మరింత గట్టిగా ఆనించాడు.

మా ఆవిడకు ఫోన్ చేసి అడగండని బతిమాలాడు పెయింటరు. మేస్త్రీ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, గోళ్ళకు రంగేసుకున్న మీ ఆయన ఎలాంటి మగాడమ్మా అని అడిగాడు.

"ఆ రంగు వేసింది నేనే అన్నయ్యగారూ," అందావిడ. "ఆయన గోళ్ళు చూసే మనసుపడ్డాను. ఇప్పుడు నాకు ఏడో నెల. నన్ను కంగారుపెట్టకుండా ఆయన్ని ఇంటికి పంపించండి."

పట్టుకున్న చేతులు వదులయ్యాయి. ఒకడు పెయింటరు చొక్కా సర్ది, ఏమీ అనుకోకు బావా అన్నాడు. పెయింటరు ఎవరి మొహమూ చూడలేదు. తలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

"నువ్వు కాపలా కాశావా అన్నా?" అని వెళ్ళిపోయాడు.

తక్కినవాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. మేస్త్రీ డబ్బాకు మూత పెట్టాడు.

"నిజంగా పోసేవాడివా?" అని అడిగాడు వస్తాదు.

మేస్త్రీ లోపలినుంచి గడియ పెట్టి వచ్చి, ఎప్పటిలాగే వస్తాదు గుండెల మీద తల వాల్చి, "వాడు దొరికితే ఇక మనల్ని వెతకరనుకున్నానురా," అన్నాడు.