వెనక వరుస అమ్మాయి

ఆ అమ్మాయి ఈ రోజు కూడా వెనక వరుసలోనే కూర్చుంది. ఏమీ రాసుకోవడం లేదు. ప్రొఫెసర్ ఎల్డన్ రాస్‌ముసెన్ మొహంలోకే చూస్తోంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఆయన నదులు ఒండ్రు మోసుకొచ్చే పాఠం మొదలుపెట్టాడు.

"ఇది అయిపోయింది సార్," అన్నాడు ముందు వరుసలోంచి ఒక కుర్రాడు.

"నీకు అయిపోయిందేమో. నదికి ఇంకా అవలేదు," అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు.

ఆయన మనసంతా ఆ అమ్మాయి మీదే ఉంది. వెనకటికి ఇలాగే నోరు విప్పని విద్యార్థి ఒకడు సెలవులకి ముందు ప్రాణం తీసుకున్నాడు. ఒక్క మాట అడిగి ఉంటే బతికేవాడేమో అన్న బాధ ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు.

యూనివర్సిటీలో ఆ వారమంతా ఆరోగ్య పరీక్షలు. విద్యార్థులూ ఉద్యోగులూ అందరూ జిమ్‌కి వచ్చి ఒంటి సంగతీ మనసు సంగతీ చూపించుకోమని గోడలనిండా పోస్టర్లు. పొద్దున డిపార్ట్‌మెంట్ హెడ్ కారొలా, "మీరూ వెళ్ళండి ఎల్డన్, నా మాట వినండి," అని బతిమాలింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అని నవ్వేశాడు.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

"నీ పేరేమిటమ్మా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మారిట్."

"మంచి పేరు. ఎవరు పెట్టారు?"

"మా నాన్న."

"నీ బాధేమిటో ఆయనకి చెప్పావా?"

"చెప్పినా ఆయనకి అర్థం కాదు."

ఆయనకి ఒళ్ళు మండింది. "ఏం మనిషమ్మా ఆయన! కన్నకూతురు ఇలా చిక్కి సగమైపోతే కళ్ళు కనపడవా?"

"అలా అనకండి," అంది మారిట్. "మా నాన్న చాలా మంచివాడు."

"సరే, అనను. నాతో జిమ్‌కి రా. ఇందులో సిగ్గుపడేదేం లేదు. నేను పక్కనే ఉంటాగా."

కాదంటుందనుకున్నాడు. ఆమె వెంటనే లేచింది. కోటు తెచ్చి ఆయనకి తొడిగింది. గుండీలు కూడా తనే పెట్టింది.

బయట నేలంతా మంచు. మారిట్ ఆయన చెయ్యి పట్టుకుంది. పాపం, భయపడుతోంది అనుకుని ఆయన ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

జిమ్‌లో తెర వెనక నర్సు ఒక కుర్చీ చూపించింది. ఆయన దాన్ని మారిట్ వైపు జరిపాడు.

"ఈ అమ్మాయిని కాస్త జాగ్రత్తగా చూడండి. లోపల్లోపల కుమిలిపోతోంది. ఎంత అడిగినా చెప్పదు."

నర్సు మారిట్ వంక చూసింది. మారిట్ మొహం తిప్పుకుంది. నర్సు ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది:

"ఈ కుర్చీ మీకే ప్రొఫెసర్ గారూ, ఇవాళ ఎలాగైనా మిమ్మల్ని తీసుకొస్తానని మీ అమ్మాయి మారిట్ నిన్ననే చెప్పి వెళ్ళింది."