మూడో అంతస్తు మంచివాడు

మధ్యాహ్నం మూడు గంటలకు ఒక మనిషి ఇస్త్రీ దుకాణం ముందు ఆగి, ఎదురు భవనం మూడో అంతస్తులో అద్దెకుంటున్నాయన ఎలాంటివాడని అడిగాడు.

“మంచివాడండీ,” అన్నాడు ఇస్త్రీ ఆయన, చేతిలో పని ఆపకుండా.

“మంచివాడంటే?”

“మంచివాడంటే... మంచివాడే.”

వచ్చినాయన కదల్లేదు. అరచేతులు చొక్కాకు తుడుచుకుని విషయం చెప్పాడు. ఆరేళ్ల పాప. తల్లి పోయింది. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి తన దగ్గర ఉంచుకుంటానంటున్నాడు. నాలుగింటికి అమ్మమ్మ పాపను తీసుకుని ఈ వీధికే వస్తుంది. అతన్ని ఎరిగినవాళ్లు ఒక్కరు బాగా చెప్పినా పాపను వదిలి వెళ్తానంది. చెప్పకపోతే వెనక్కి తీసుకుపోతుంది. మళ్లీ ఆ మాట ఎత్తొద్దంది.

“మీరేమవుతారు?”

“పాపకి కావలసినవాణ్ణి. ఆవిడ అడిగేలోపు నేనోసారి అడుగుదామని.”

ఇస్త్రీ ఆయన పెట్టెను నిలబెట్టాడు.

“పిల్ల సంగతా! ముందే చెప్పొద్దూ? అంత బుద్ధిమంతుడు ఈ వీధిలోనే లేడండీ. నోట్లో నాలుక లేదు. ఒకరి జోలికి పోడు.”

“ఏం చేస్తే బుద్ధిమంతుడన్నారు?”

“ఏమీ చెయ్యడండీ. అందుకే.”

“బట్టలు మీకే ఇస్తాడా?”

“రోజూ! పొద్దున్నే వచ్చి, ఓ నవ్వు నవ్వి, చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోతాడు.”

“అతనిది రాత్రి డ్యూటీ అని విన్నానే?”

“అదే లెండి. రాత్రి డ్యూటీకి పొద్దున్నే తీసి పెట్టుకుంటాడు. ముందుచూపు.”

వచ్చినాయన తన నలిగిన చొక్కా వైపు ఒకసారి చూసుకుని రోడ్డు దాటాడు.

భవనం కింది వాటాలో రిటైరైన గుమస్తా వరండాలో పేపరు చదువుతున్నాడు. విషయమంతా విని కళ్లద్దాలు తీశాడు.

“యోగ్యుడు. పెద్దమనిషి తరహా. ఆదివారాలు మా ఇంట్లోనే చదరంగం.”

“బాగా ఆడతాడా?”

“ఆడతాడు. కానీ నన్ను గెలవనిస్తాడు. అదీ సంస్కారమంటే.”

“పాపను ఎప్పుడైనా చూశారా?”

“చూడకేం? తాతయ్యా అంటూ ఒళ్లో కూర్చుంటుంది.”

వచ్చినాయన వరండా దిగాడు. గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాడు. మూడున్నర దాటింది.

గేటు పక్కనే కిరాణా అంగడి. అంగడి ఆవిడ పప్పు తూస్తూనే విషయమంతా వింది. ఇస్త్రీ ఆయన కూడా పని వదిలి అక్కడికి చేరాడు.

“నాకు తెలీదు,” అంది ఆవిడ.

“అదేంటక్కా! పై గది ఆయన,” అన్నాడు ఇస్త్రీ ఆయన.

“ఏ గదైతే ఏం? ఎప్పుడూ మొహం చూడలేదు. చూడనివాణ్ణి మంచివాడని ఎట్లా చెప్పను?”

“నీ నోట ఒక మంచి మాట రాదు కదా. పోయేదేముంది?”

“పోతే ఆ పిల్ల పోతుంది, నువ్వు పోవు. రేపు ఏమన్నా అయితే నువ్వెళ్లి తెస్తావా?”

వచ్చినాయన అంగడి బల్ల పట్టుకున్నాడు.

“పాప అమ్మమ్మ అడిగినా ఇదే చెప్తారా?”

“ఇదే చెప్తా. కోపం తెచ్చుకోకు బాబూ.”

“కోపం లేదమ్మా,” అన్నాడు. మంచినీళ్లు అడిగాడు. గ్లాసులో సగం చొక్కా మీద ఒలికింది.

ఇస్త్రీ ఆయన అతని భుజం తట్టాడు.

“మీరు కంగారు పడకండి. ఆ అమ్మమ్మగారి సంగతి నాకొదిలేయండి. ఒక్కరు చాలన్నారుగా? నేనున్నాను.”

“తెలిసినంత చెప్పండి, చాలు.”

“తెలిసినంతేమిటండీ! నాకు సొంత తమ్ముడి లెక్క.”

నాలుగు కావస్తుండగా వీధి మొదట్లోంచి ఆటో వచ్చి భవనం ముందు ఆగింది. లోపల ఒక పెద్దావిడ, పక్కన ఒక పాప. పెద్దావిడ సంచీలో కళ్లద్దాలు వెతుక్కుంటోంది.

ఇస్త్రీ ఆయన అందరికంటే ముందు వెళ్లి ఆటోలోకి తల పెట్టాడు.

“మీ అల్లుడి గురించేనా అమ్మా? బంగారంలాంటి మనిషి. రోజూ చూస్తూనే ఉంటాం. ఇందాకే నాతో మాట్లాడి డ్యూటీకి వెళ్లాడు.”

పెద్దావిడ కళ్లద్దాలు పెట్టుకునేలోపే పాప అవతలి వైపు నుంచి దిగి, “నాన్నా” అంటూ అంగడి ముందు తడిసిన చొక్కాతో నిలబడ్డ మనిషి దగ్గరికి పరుగెత్తింది.