వెంటపడే మనిషి

తన కాపురాన్ని పాడుచేసింది ఆ టీవీ గూఢచారి సీరియలే అంటాడాయన. భార్య ఆ సీరియల్ రచయిత దగ్గర టైపిస్టు. ఆమె చనిపోయాక కూడా ఆయన ఆ మాట మార్చుకోలేదు.

సీరియల్లో తీయకుండా వదిలేసిన స్క్రిప్టుల కట్ట తెచ్చి కూతురు బల్ల మీద పెట్టింది.

"ఇవి అమ్మ సొంతంగా రాసినవట నాన్నా. నువ్వు సరేనంటే పుస్తకం వేస్తారట."

"సొంతంగానా? వాడు పక్కన కూర్చుని చెప్పుంటాడు. బస్సుండగా మీ అమ్మ రోజూ నడిచే ఎందుకొచ్చేది? దారిలో ఎవడి కోసం? చదువు, బండారం బయటపడుతుంది."

కూతురు పైనున్నది తీసి చదివింది. గూఢచారిణి ఆఫీసు నుంచి బయటికొస్తుంది. శత్రువుల మనిషి ఒకడు పేపరు చాటున నిలబడి, ఆమె వెంట పడతాడు. బస్సెక్కి తప్పించుకుందాం పద అని స్నేహితురాలు తొందరపెడుతుంది.

"'వద్దులేవే. పాపం, ఆ మనిషికి మోకాలి నొప్పి. ఈ జనంలో బస్సెక్కలేడు. మెల్లగా నడుద్దాం, లేకపోతే వెనకబడిపోతాడు.'"

చదవడం ఆపి కూతురు పకపకా నవ్వింది. "వెంటపడేవాడి మీద జాలిపడే గూఢచారిణి ఎక్కడైనా ఉంటుందా అని డైరెక్టరు తీసి అవతల పారేశాడట!"

ఆయన నవ్వలేదు. ఆ ఆఫీసు ఎదుట సాయంత్రాలు పేపరు చాటున తాను నిలబడిన సంగతి ఎవరికీ తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. మోకాలు పట్టుకుని మెల్లగా లేచాడు.

"ఏంటి నాన్నా, అలా అయిపోయావు?"

"అచ్చేసుకోమను."

"మరి ఆ రచయిత సంగతి..."

"ఇక ఈ ఊసు నా దగ్గర ఎత్తకు. చచ్చేదాకా దీని గురించి నేను మాట్లాడను."