ఎండ కుదిరిన ఫొటో

దొంగతనం చేసింది ఆర్టిస్టే. ఆదివారం సాయంత్రం హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకెళ్లి, కొత్త కంప్యూటర్ విప్పి, అందులోని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు సంచీలో వేసుకుని వచ్చేశాడు. ఆ కార్డు తనకిమ్మని ఎంత మొత్తుకున్నా వినకుండా, బాస్ దాన్ని తన బావమరిదికిచ్చాడు. బావమరిది దాంతో గేములు ఆడుకుంటున్నాడు.

మర్నాడే పోలీసు కంప్లయింటు వెళ్లింది. ఆదివారం సాయంత్రం ఎవరెక్కడున్నారో రుజువు చూపాలన్నారు. చూపలేకపోతే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా.

ఆర్టిస్టు బెంబేలు పడలేదు. కట్టబోయే భవనాలకు ఎండా నీడా పెట్టి, కట్టేసినట్టు బొమ్మలు చేయడమే అతని వృత్తి. తనకోసం ఒక సాయంత్రం తయారుచేసుకోవడం ఎంత పని?

ఊరికి అటు చివరున్న అపార్టుమెంటును ఎంచుకున్నాడు. దాని బొమ్మ ఎప్పుడో తనే చేసిచ్చాడు. ఈపాటికి జనం కాపురాలు కూడా పెట్టేసుంటారు. దాని ముందు తను ఫొటో దిగినట్టు చేస్తే సరి. బొమ్మలు నిజంలా రావడానికి కొట్టుకొచ్చిన కార్డు ఎలాగూ చేతిలో ఉంది.

పాత ఫైలు తెరవగానే తన మీద తనకే జాలేసింది. అప్పట్లో కంప్యూటర్లోని కెమెరాను నేలకు ఆనించి, లెన్సు వెడల్పు చేసి, భవనాన్ని ఓడంత చేసి చూపించాడు. ఎండేమో మూడు వైపుల నుంచీ కాస్తోంది. ‘ఈ బొమ్మకి జీతమెలా తీసుకున్నానురా నాయనా’ అని తన్ను తానే తిట్టుకున్నాడు.

సూర్యుణ్ణి ఒక్కణ్ణే ఉంచి పడమటికి దించాడు. నీడలు పొడుగ్గా సాగాయి. కెమెరాను మనిషి కంటి ఎత్తుకు తెచ్చాడు. ఆకాశం కాస్త తెల్లగా వెలిసిపోయేలా వెలుతురు పెంచాడు. ఫోనుతో తీస్తే అంతేగా మరి. గోడలకు వాన చారలు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు పెట్టాడు. డాబా మీద సాయంత్రం ఎండలో దిగిన తన ఫొటోను తెచ్చి ముందు నిలబెట్టాడు. పొట్ట తగ్గిద్దామనుకున్నాడు గానీ, నమ్మరని వదిలేశాడు. దాన్ని ఫోనులోకి ఎక్కించి, తారీకు, టైమూ కూడా ఆదివారం సాయంత్రానికి సర్దేసి భార్యకు చూపించాడు.

“ఎప్పుడెళ్లారు? నన్ను మాటవరసకైనా పిలవలేదేం?” అంది ఆమె.

“ఏదో పనుండి వెళ్లానే.”

“ఊళ్లోవాళ్ల మేడలన్నిటికీ వెలుతురు సర్దుతారు. మన హాల్లో బల్బు మాడి ఎన్నాళ్లయిందో, అది మార్చడం మాత్రం రాదు!”

తిట్టినా ఫొటో మాత్రం నమ్మింది. ఆవిడే నమ్మాక పోలీసులొక లెక్కా అనుకున్నాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. వేళ్లతో లాగి, ఒక్కో అంతస్తూ పెద్దది చేసి చూశాడు.

“సాయంత్రమే తీశారా?”

“నీడలు చూడండి సార్. ఎండ పడమట నుంచి, నీడ తూర్పుకి.”

“రంగులు మార్చడాలూ అవీ ఏం చేయలేదుగా?”

“అబ్బే, ఉన్నదున్నట్టు సార్.”

ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకున్నాడు. “ఎంత బాగుందండీ!” అన్నాడు.

ఆర్టిస్టుకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్ల సర్వీసులో తన బొమ్మ చూసి కంటతడి పెట్టిన మొదటి మనిషి! ఇది నేనే చేశానని చెప్పేయాలన్నంత సంతోషం వచ్చింది. నాలుక కరుచుకుని ఊరుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌ను పిలిచి తలుపు వేయించి, ఫోను బల్ల మీద పెట్టాడు.

“మూడో అంతస్తులో ఈ మూల ఫ్లాటు నాదేనండీ ఆర్టిస్టు గారూ, ఏళ్ల తరబడి ఈఎంఐలు కడుతున్నాను... అక్కడ ఇంతవరకూ పునాదికి గొయ్యి కూడా తవ్వలేదు.”