నత్త కాసిన మొక్క

మబ్బులు రాసుకుంటూ పోయే కొండకొమ్మున ఒక నత్త ఉండేది. ఒక సాయంత్రం రెక్కలు చిరిగిపోయిన నీలి సీతాకోకచిలుక దాని పక్కనున్న చిన్న మొక్కమీద వాలింది.

"అన్నా, నా పని అయిపోయింది. మా జాతి తినేది ఈ ఒక్క మొక్క ఆకులే. కొండ మొత్తానికి ఇదొక్కటే మిగిలింది. నా బిడ్డ వస్తే దానికి పెట్టవూ?" అని అడిగి, నత్త తలూపాక కన్నుమూసింది.

ఆనాటినుంచీ నత్త ఆ మొక్క జోలికి తానూ పోలేదు. రాతిమీది పాచి నాకి పొట్ట పోసుకుంది. నీలి రెక్కల పిల్ల ఎప్పుడొస్తుందా అని ఆకాశంకేసి చూస్తూ కూర్చుంది.

పిల్ల జాడ లేదుగానీ, ఆకు కింద ఒంటినిండా నూగున్న పురుగొకటి కనిపించింది.

"దిగు! అది నా మేనకోడలి తిండి" అని నత్త కసిరింది.

"ఆకలేస్తోంది మామా. ఇంకే ఆకూ నోటికి పోవడంలేదు" అని పురుగు ఏడ్చింది.

నత్త మనసు ఊరుకోలేదు. "ఏడవకు, తిను. దానికి నేనేదో సర్దిచెప్పుకుంటాలే."

పురుగు మొక్కంతా బోడి చేసి ఎటో మాయమైంది. నత్తకు దిగులు పట్టుకుంది. చిప్పలోకి ముడుచుకుని చాలాకాలం బయటికే రాలేదు.

ఒక పొద్దున తల బయటపెట్టేసరికి, బోడి కాడమీద నీలి రెక్కలు ఆరబెట్టుకుంటూ అచ్చం చెల్లెలి పోలికతో ఒక సీతాకోకచిలుక కూర్చుని ఉంది.

"తప్పయిపోయిందమ్మా! నీ తిండంతా ఎవరో పురుగుకు పెట్టేశాను" అని నత్త బావురుమంది.

సీతాకోకచిలుక వచ్చి దాని వీపుమీద వాలింది.

"కడుపునిండా తిన్నాను మామా" అంది.