మిగతా కొండ

"టామ్సిన్, జాగ్రత్త! తాత నీ కాయితంలోకి తొంగి చూస్తున్నాడు. కాపీ కొట్టేస్తాడు!"

వెనక బల్ల నుంచి తోటి విద్యార్థి రీడ్ అరిచిన అరుపుకి షెడ్డంతా గొల్లుమంది.

టామ్సిన్ గబుక్కున మోచెయ్యి అడ్డం పెట్టింది. కాపీ కొట్టడానికి తన కాయితమే దొరికిందా ఈ మెర్వ్ తాతకి! డెబ్బై దాటాక చదువుకోవాలన్న సరదా పుట్టిందట, శిబిరంలో చేరాడు. వచ్చిన రోజే ఏరికోరి ఆమె పక్క బల్ల దగ్గర చతికిలబడ్డాడు.

ఫ్లిండర్స్ కొండల మధ్య, గొర్రెల ఉన్ని కత్తిరించే పాత షెడ్డు అది. భూగర్భశాస్త్రం చదివే పిల్లలకి ఏటా అక్కడే శిబిరం. మ్యాపు చూసి కొండ కోత బొమ్మ గీయాలి. అంటే, కొండని నిలువునా కోసి పక్కనుంచి చూస్తే రాతి పొరలు ఎలా కనిపిస్తాయో అలా అన్నమాట.

టామ్సిన్ కాలేజీలో ఈ బొమ్మల పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈ శిబిరం చివర పెట్టే పరీక్ష కూడా తప్పితే చదువుకి స్వస్తి చెప్పాల్సిందే. అయినా సరే, నోరు తెరిచి సందేహం అడగాలంటే ఆమెకి ప్రాణం మీదికొచ్చేది.

"టీచరమ్మా! బయట చూస్తే గుట్టంత ఉంది. నా బొమ్మలో ఆకాశాన్ని పొడుస్తోందేంటి?" అన్నాడు తాత.

"ఎరువేశావేమో తాతా!" అన్నాడు రీడ్.

టీచర్ జోస్లిన్ నవ్వలేదు. "అడ్డానికో కొలత, నిలువుకో కొలత వాడితే అంతే మెర్వ్. రెండూ ఒకటే ఉండాలి. లేకపోతే పొరల వాలు కూడా తప్పుతుంది."

టామ్సిన్ తన బొమ్మ చూసుకుంది. తనదీ అదే తప్పు! చప్పుడు చెయ్యకుండా చెరిపేసి మళ్లీ గీసింది.

మర్నాడు తాత ఇంకోటి అడిగాడు. ఆ మర్నాడు మరోటి. అడిగినప్పుడల్లా అందరూ నవ్వేవారు. టామ్సిన్ కూడా నవ్వేది. నవ్వుతూనే తన బొమ్మ దిద్దుకునేది.

పరీక్ష ముందు రోజు తాత తల గోక్కున్నాడు.

"ఈ పొరలు కొండ నెత్తికొచ్చి ఆగిపోయాయి టీచరమ్మా. మిగతా కొండని ఎవరు మింగారు?"

"గాలీ వానా మింగాయి. మీరు మాత్రం ఆపకండి. అదే వాలులో గాల్లోకి చుక్కల గీతలు పొడిగించండి."

టామ్సిన్ పెన్సిల్ అందుకుంది. ఈ కొండ పొరలు చుక్కలు చుక్కలుగా పైకి లేచాయి. లోయ మీదుగా వంగి అవతలి కొండలోకి దిగాయి. పొరకి పొర అతికినట్టు కలిసింది!

తలెత్తి కిటికీలోంచి చూసింది. ఖాళీ లోయ మీద ఒకప్పటి మహాపర్వతం ఆమె కళ్లకి కట్టింది. ఆనందం పట్టలేకపోయింది.

"ఉంది! ఇక్కడే ఉంది!" అని కేక పెట్టింది.

పరీక్షలో ఆమె బొమ్మే అన్నిటికన్నా బాగుందన్నారు. ఆ సాయంత్రం షెడ్డు ముందు సాసేజీలు కాలుస్తూ అందరూ ఒకటే కేరింతలు.

"తాతేడీ? తప్పాడా?" అన్నాడు రీడ్.

"పరీక్షే రాయలేదు. మధ్యాహ్నమే వెళ్లిపోయారు," అంది జోస్లిన్.

"అయ్యో పాపం! ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు ఆయనకి. ముందే తెలిస్తే కూర్చోబెట్టి నేనే నేర్పేదాన్ని," అంది టామ్సిన్.

జోస్లిన్ పడీ పడీ నవ్వింది.

"నోరు మెదపని పిల్ల ఎవరా అని ఏటా వచ్చి వెతుక్కుంటారు టామ్సిన్. నీ కాయితం చూసి నీ సందేహాలన్నీ నీ బదులు అడిగిపోయిన ఆ తాత, నాకు ఈ షెడ్డులోనే ఈ బొమ్మలు నేర్పిన మా మాస్టారు."