టూలుకు టెంకాయ

"సర్వరు యాడుండాదమ్మా?" టెంకాయ చేతిలో పట్టుకుని అడిగాడు మేనేజర్ ఉమామహేశ్వర.

"బొంబాయిలో సార్. మనం అద్దెకు తీసుకున్నాం," అంది తబస్సుమ్. ఆఫీసులో కంప్యూటర్ల సంగతి చూసేది ఆమె ఒక్కతే.

ఉమామహేశ్వర పడమటికి తిరిగి టెంకాయ కొట్టాడు. లాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టాడు. ఏ కొత్త పనైనా ఇట్లా మొదలుపెట్టడం ఆ కర్నూలు ఆఫీసులో ఆనవాయితీ. ఈసారి మాత్రం ఆయన మొక్కుకున్నది, ఆ పని చెడిపోవాలని.

ఎందుకంటే సర్వరులో పెట్టబోయేది ఆటోమేషన్ టూలు. ఆన్‌లైన్‌లో చీరలు కొనేవాళ్ళు వాట్సాప్‌లో ఏమడిగినా ఇకమీదట మిషన్లే జవాబు చెబుతాయి. ఆ మిషన్ల మీద మేస్త్రీ ఈ టూలు. అది వస్తే, తబస్సుమ్ కుదిర్చగా ఇంటినుంచి ఆ పని చేస్తున్న బొజ్జన్న, ఏసేపు, మౌలా సాహెబ్, కృపమణి నలుగురి ఉద్యోగాలూ ఊడతాయి.

"మా పిల్లోల్లు బంగారం సార్," అని ఉమామహేశ్వర ఓనర్ వీరేంద్రను పట్టుకున్నాడు. వీరేంద్ర ఈ ముచ్చట చూడటానికే కడప నుంచి కారులో దిగాడు. "శివరాత్రికి బొజ్జన్న అడివిలో నడుచుకుంటా శ్రీశైలం పోయినాడు. నడుస్తానే డ్యూటీ చేసినాడు."

"అడివిలో సిగ్నల్ ఉంటాదా?"

"మల్లన్న దయ సార్! కృపమణి పెండ్లిరోజు గూడా లీవు పెట్టలేదు. పాస్టర్ ముందర నిలబడే కస్టమర్లకు జవాబిచ్చింది. ఏ మిషన్ చేస్తాది సార్ ఇట్లా?" చెబుతుంటే ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

వీరేంద్ర కాస్త మెత్తబడ్డాడు. "సరేప్పా. టూలు పెట్టాలంటే సర్వరు అరగంట ఆపాల గదా. స్టాకు, ఆర్డర్లు ఏవీ చూడకుండా, సొంత బుర్రతో ఆ అరగంట నీవాళ్ళు జవాబులియ్యనీ. ఒక్క కస్టమర్ గూడా కాచుకోకుంటే టూలూ వద్దు, గీలూ వద్దు. నలుగురూ ఉంటారు."

తబస్సుమ్ ముఖం పాలిపోయింది. "సార్, ఇప్పుడాపద్దు సార్. ఆదివారం చేస్తాం."

"ఆపమ్మా! ఆగేది మిషన్. మనుషులు యాడ ఆగుతారు?" మీసం దువ్వాడు ఉమామహేశ్వర.

ఆపింది.

వాట్సాప్‌కు ఆ సర్వరుతో పనిలేదు గనుక, అది ఆగినా అందరి చాటింగూ ఆఫీసు తెరమీద కనబడుతుంది. "చీర రంగు పోతాదా?" అని బొజ్జన్నను ఒకామె అడిగింది. జవాబు లేదు. ఏసేపును ఇంకొకామె అదే అడిగింది. లేదు. మౌలా సాహెబ్ పలకలేదు. కృపమణీ పలకలేదు.

"అన్నం తింటాంటారు సార్."

"పదకొండింటికా?"

"రాగిసంగటి సార్. ఒక పట్టాన తెమలదు."

ఇన్నాళ్ళూ మెసేజులతోనే మాట్లాడిన నలుగురికీ మొదటిసారి ఫోన్లు చేశాడు. ఒక్కరూ ఎత్తలేదు. గొప్పలకు పోయి నలుగురి కూడూ చెడగొట్టాను గదా అని ఉమామహేశ్వర తనను తాను తిట్టుకున్నాడు.

"అయిపోయింది సార్. లేపుతాండా," అని తబస్సుమ్ కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కింది.

సర్వరు లేచిన మరుక్షణమే బొజ్జన్న, ఏసేపు, మౌలా సాహెబ్, కృపమణి నలుగురూ ఒకేసారి, అక్షరం తేడా లేకుండా జవాబిచ్చారు: "రంగు పోదక్కా, బిడ్డకు పాలిస్తాంటి, ఆలస్యమైంది, ఏమనుకోవద్దు."